రెండు ‘ఫైనల్’ ఫైళ్లు: ఎర్రగా కనిపించిందంతా మీరు మార్చిందేనా?

ప్రశ్న: నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో పని చేస్తున్నాను. రిటైరైన ఒక సారు తన ఊరి చరిత్ర రాసి టైపింగ్‌కు ఇచ్చారు. రెండు వందల పేజీల దాకా ఉంటుంది. మొదటి టైపింగ్ అయ్యాక ప్రూఫు ప్రింటు తీసి ఇచ్చాను, ఫైలు వాట్సాప్‌లో కూడా పంపాను. సారు ఇంట్లో తన కంప్యూటర్‌లో దిద్దుకుంటూ పోయారు. ఇక్కడ నేను అచ్చుతప్పులు దిద్దుతూ, ఆయన ఫోన్లో చెప్పిన మార్పులు చేస్తూ వచ్చాను. ఇప్పుడు ‘ఫైనల్’ అని నా దగ్గర ఒకటి, ‘ఫైనల్ కొత్తది’ అని సారు దగ్గర ఒకటి ఉన్నాయి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే వాళ్లబ్బాయి రెండింటినీ ఏదో టూల్‌లో పోల్చి స్క్రీన్‌షాట్లు పంపాడు. పేజీలకు పేజీలు ఎర్రగా, ఆకుపచ్చగా ఉన్నాయి. నేను ఎప్పుడూ చూడని పేరాలు కూడా తీసేసినట్టు చూపిస్తోంది. ఒకచోటైతే రెండు లైన్లూ అచ్చం ఒకేలా ఉన్నాయి, అయినా తేడా అంటోంది. "పుస్తకమంతా మార్చేసినవ్ కదమ్మా" అంటున్నారు సారు. నాకు పరేషాన్‌గా ఉంది. కంప్యూటర్ అబద్ధం చెబుతుందా? అసలు ఈ తేడాలను ఎట్లా కనిపెడుతుంది? ఈ రెండు ఫైళ్లను ఒకటి చేసేదెట్లా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

సమాధానం: అమ్మా, ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెబుతాను. ఆ స్క్రీన్‌షాట్లలో అబద్ధమేమీ లేదు. అయితే సారు వాటిలోంచి తీస్తున్న అర్థం మాత్రం వాటిలో లేదు.

ఎవరు ఏం మార్చారన్నది ఆ టూల్‌కు తెలియదు. మీరు ఏ రోజు ఏ పేజీ తెరిచారో, సారు ఏ రాత్రి ఏ పేరా కలిపారో దానికెవరూ చెప్పలేదు. దాని ముందు రెండు ఫైళ్లు పెట్టారు, అంతే. అది వేసుకునే లెక్క ఒక్కటే: ఎడమవైపు ఫైలును కుడివైపు ఫైలుగా మార్చాలంటే తక్కువలో తక్కువ ఎన్ని లైన్లు తీసేయాలి, ఎన్ని చేర్చాలి? తీసేయాల్సినవి ఎర్రగా, చేర్చాల్సినవి ఆకుపచ్చగా చూపిస్తుంది. వాళ్లబ్బాయి సారు ఫైలును ఎడమవైపు, మీ ఫైలును కుడివైపు పెట్టి ఉంటాడు. అప్పుడు సారు ఇంట్లో కూర్చుని కొత్తగా రాసిన ప్రతి పేరా మీ ఫైలులో ఉండదు కాబట్టి ఎర్రగానే వస్తుంది, మీరు కొట్టేసినట్టు కనిపిస్తుంది. ఫైళ్లను అటూ ఇటూ మార్చి పెట్టమనండి. అవే పేరాలు ఆకుపచ్చగా మారతాయి. అప్పుడు సారు రాసిన పేరాలను మీరే ‘చేర్చినట్టు’ అవుతుందా? మీరు చూడనే చూడని పేరాల సంగతి చాలావరకు ఇదే అయి ఉంటుంది. ఇంకేమీ చేయకముందు ఈ ఒక్కటీ సారుకు చూపించండి.

ఇక అది తేడాలను ఎలా పడుతుందో చూద్దాం. అందరికీ ముందుగా తట్టే పద్ధతి, ఒకటో లైనును ఒకటో లైనుతో, రెండోదాన్ని రెండోదానితో పోల్చుకుంటూ పోవడం. ఇది పనికిరాదు. పుస్తకం మొదట్లో ఒక్క లైను చేరిస్తే చాలు, కింద ఉన్నవన్నీ ఒక మెట్టు జరిగిపోతాయి. ఏదీ దేనితోనూ కలవదు, రెండు వందల పేజీలూ తేడాగానే తేలతాయి. అందుకే టూల్స్ ముందు తేడాల జోలికి పోవు, రెండింట్లో కలిసేవాటిని వెతుకుతాయి. రెండు ఫైళ్లలోనూ అదే వరుసలో వచ్చే లైన్లను వీలైనన్ని ఎక్కువ ఏరాలి. అవి పక్కపక్కనే ఉండనక్కరలేదు, మధ్యలో వేరేవి ఉన్నా ఫర్వాలేదు, వరుస మాత్రం తప్పకూడదు. దీన్ని అతి పొడవైన ఉమ్మడి వరుస అనుకోండి. ఆ వరుసలోకి రాకుండా మిగిలిందే తేడా.

మీ ఫైలు బదులు చిన్న ఉదాహరణ తీసుకుందాం. పాత ఫైలులో ఐదు లైన్లు, ఒక్కో లైనులో ఒక రైల్వే స్టేషన్ పేరు: షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, గద్వాల. కొత్త ఫైలులో ఆరు లైన్లు: షాద్‌నగర్, మహబూబ్‌నగర్, జడ్చర్ల, దేవరకద్ర, వనపర్తి రోడ్, గద్వాల. ఎవరో జడ్చర్లను, మహబూబ్‌నగర్‌ను తారుమారు చేశారు, వనపర్తి రోడ్ కలిపారు. ఉమ్మడి వరుస ఎంత పొడవుంటుంది? షాద్‌నగర్, దేవరకద్ర, గద్వాల ఎలాగూ కలుస్తాయి. జడ్చర్ల, మహబూబ్‌నగర్‌లలో మాత్రం ఒక్కటే పడుతుంది, ఎందుకంటే రెండింటి వరుస తిరగబడింది. మొత్తం నాలుగు. పాతదాంట్లో ఒకటి మిగిలింది, అది తీసివేత. కొత్తదాంట్లో రెండు మిగిలాయి, అవి చేర్పులు. మూడు మార్పులతో పని అయిపోతుంది, అంతకంటే తక్కువలో కాదు.

ఐదారు లైన్లు కాబట్టి కంటితో చూసి చెప్పేశాం. యంత్రం అన్ని రకాలుగా ఏరి చూడాలంటే కుదరదు. ముప్పై లైన్లలోంచి కొన్నిటిని ఏరే పద్ధతులే 107 కోట్లు దాటతాయి. దీనికి 1970ల్లో అలవాటైన ఉపాయం పట్టిక. గళ్ల కాగితం మీద పాత లైన్లను పైన అడ్డంగా, కొత్త లైన్లను పక్కన నిలువుగా రాసుకోవాలి. ఒక్కో గడిలో, అక్కడిదాకా వచ్చేసరికి ఉమ్మడి వరుస ఎంత పొడవైందో వేసుకుంటూ పోవాలి. ఆ గడి దగ్గర రెండు లైన్లూ ఒకటే అయితే మూలగా ఎడమ పైగడిలోని అంకెకు ఒకటి కలపాలి. వేరైతే పై గడి, ఎడమ గడి రెండింట్లో పెద్ద అంకెను దించుకోవాలి. చివరి గడిలో వచ్చిందే సమాధానం. అక్కడి నుంచి వచ్చిన దారినే వెనక్కి వెళ్తే ఏ లైన్లు కలిశాయో తెలుస్తుంది. మన స్టేషన్ల ఉదాహరణకు ముప్పై గళ్లు, చివరి గడిలో 4. తీరిక ఉంటే ఒకసారి కాగితం మీద వేసి చూడండి, పది నిమిషాల పని. వేసినవాళ్లకు ఈ విషయం మళ్లీ ఎవరూ చెప్పాల్సిన అవసరం రాదు.

రెండు ఫైళ్లూ రెండేసి వేల లైన్లవైతే 40 లక్షల గళ్లు. ఇప్పటి కంప్యూటర్‌కు అదొక లెక్క కాదు. కానీ ఈ పని మొదలైన రోజుల్లో పరిస్థితి వేరు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెక్‌ఇల్రాయ్ రాసిన ‘డిఫ్’ అనే ప్రోగ్రాం 1974లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఐదో ఎడిషన్‌తో బయటికొచ్చింది. అది నడిచిన పీడీపీ-11 కంప్యూటర్లవి 16 బిట్ల చిరునామాలు, ఒక ప్రోగ్రాం 64 కిలోబైట్లకు మించిన డేటాను ఒక్కసారి అందుకోలేదు. అంతలో లక్షల గళ్ల పట్టిక ఎక్కడ పెట్టుకుంటారు? జేమ్స్ హంట్‌తో కలిసి మెక్‌ఇల్రాయ్ 1976లో ఆ పద్ధతిని నివేదికగా రాశారు. లైన్లను అక్షరం అక్షరం పోల్చే బదులు ఒక్కో లైనుకు ఒక అంకె కట్టి, అంకెలనే పోల్చారు. పట్టికలో అన్ని గళ్లూ నింపకుండా, లైన్లు నిజంగా కలిసే గళ్లను మాత్రమే చూశారు. మామూలు ఫైలులో కలవని గళ్లే ఎక్కువ కాబట్టి పని చాలా తగ్గింది. వేర్వేరు లైన్లకు ఒకే అంకె పడే ప్రమాదం ఉంటుందని చివర్లో అసలు లైన్లను మళ్లీ సరిచూసేవారు. అలా పొరపాటున కలిసినవాటికి వాళ్లు పెట్టిన పేరు ‘జాక్‌పాట్’. బెల్ ల్యాబ్స్ వాళ్లకు ఇలాంటి హాస్యం కొంచెం ఎక్కువే.

వాళ్లబ్బాయి వాడినది గిట్ (ప్రోగ్రాములు రాసేవాళ్లు ఫైళ్ల పాత ప్రతులను దాచుకుని పోల్చుకునే సాఫ్ట్‌వేర్) అయి ఉంటే, అందులో మామూలుగా నడిచేది యూజీన్ మైయర్స్ 1986లో ప్రచురించిన పద్ధతి. ఇందులోనూ అదే గళ్ల కాగితం. ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకు నడవాలి. కుడికి ఒక అడుగు వేస్తే ఒక పాత లైను తీసేసినట్టు, కిందికి ఒక అడుగు వేస్తే ఒక కొత్త లైను చేర్చినట్టు. రెండు లైన్లూ కలిసినచోట మూలగా జారిపోవచ్చు, ఆ అడుగుకు ఖర్చు లేదు. తక్కువ ఖర్చుతో చేరే దారి ఏది? మైయర్స్ కాగితమంతా నింపడు. అసలు ఖర్చే లేకుండా ఎంతదూరం పోవచ్చో ముందు చూస్తాడు, తర్వాత ఒక్క అడుగు ఖర్చుతో, ఆ తర్వాత రెండు అడుగులతో. ఒక్కో ఏటవాలు గీత మీద ఎంత ముందుకు చేరామన్నది మాత్రమే గుర్తు పెట్టుకుంటాడు. చివరి మూల మొదటిసారి అందినప్పుడు ఎంత ఖర్చయిందో అదే కనిష్ఠం. రెండు ఫైళ్లలో తేడాలు కొద్దిగానే ఉంటే ఈ నడక మధ్య గీతకు అటూ ఇటూగా సన్నటి పట్టీలోనే ముగిసిపోతుంది. తేడాలు ఎంత తక్కువైతే పని అంత తొందరగా అవుతుంది. ఒకే ఫైలుకు చెందిన రెండు ప్రతుల మధ్య తేడాలు సాధారణంగా తక్కువే కాబట్టి ఈ పద్ధతి అంతగా స్థిరపడింది.

ఇప్పుడు మీ తగాదాకు అసలు కీలకమైన మాట. మన స్టేషన్లలో జడ్చర్ల, మహబూబ్‌నగర్ తారుమారయ్యాయి కదా. టూల్ ఏం చూపిస్తుంది? జడ్చర్లను పైన తీసేసి కిందికి చేర్చినట్టు చూపించవచ్చు, మహబూబ్‌నగర్‌ను కింద తీసేసి పైన చేర్చినట్టూ చూపించవచ్చు. రెండింటికీ ఖర్చు ఒకటే, రెండూ సరైనవే. ఏదో ఒకటి ఎంచుకుంటుంది, సాధారణంగా తీసివేతను ముందు చేసేది. నిజంగా టైప్ చేసినాయన ఏ లైనును పట్టుకుని జరిపాడో దానికి తెలిసే మార్గం లేదు. తీసేయడం, చేర్చడం తప్ప మూడో పని ఈ లెక్కలో లేనేలేదు. ‘జరపడం’ అనేది అందులో లేదు. మీ పుస్తకంలో ఎవరైనా ఫ్లోరైడ్ నీళ్ల అధ్యాయాన్ని చెరువుల అధ్యాయానికి ముందుకు తెచ్చారనుకోండి. ఒక్క అక్షరం మారకపోయినా పది పేజీలు ఎర్రగా, ఇంకోచోట అవే పది పేజీలు ఆకుపచ్చగా వస్తాయి. చూసేవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. జరిపిన భాగాలను వేరే రంగులో చూపించే వీలు గిట్‌లోనూ ఉంది, వర్డ్‌లోనూ ఉంది. అయితే అది పోలిక అంతా అయ్యాక, తీసినదాన్నీ చేర్చినదాన్నీ మళ్లీ సరిచూసి చెప్పే మాట.

పేరాల మధ్య వదిలే ఖాళీ లైన్లు, అధ్యాయాల మధ్య పెట్టే మూడు చుక్కలు ఇంకో తలనొప్పి. అవి ఫైలంతా అచ్చం ఒకేలా ఉంటాయి. లెక్క ఒక ఖాళీ లైనును ఎక్కడో ఉన్న మరో ఖాళీ లైనుతో కలిపేసి, ఒక పేరాను మధ్యకు చీల్చి చూపిస్తుంది. ఖర్చు కనిష్ఠమే, మనిషికి మాత్రం అర్థం కాదు. దీనికి ఫైళ్లు పంచుకునే బిట్‌టోరెంట్‌ను తయారు చేసిన బ్రామ్ కోహెన్ వేరే దారి పట్టారు, దాని పేరు పేషెన్స్. రెండు ఫైళ్లలోనూ ఒక్కొక్కసారి మాత్రమే వచ్చే లైన్లను ముందు పట్టుకుని, వాటి మధ్య భాగాలను తర్వాత పోలుస్తుంది. పొలం కొలిచేటప్పుడు ముందు హద్దురాళ్లు దొరకబుచ్చుకుని, ఆ తర్వాత మధ్యలో గొలుసు వేసినట్టు. దాన్నే కొంచెం సడలించి, అరుదుగా వచ్చే లైన్లను కూడా హద్దులుగా వాడుకునేది హిస్టోగ్రాం పద్ధతి. గిట్‌లో, విన్‌మెర్జ్ అనే ఫైళ్లు పోల్చే టూల్‌లో రెండూ ఉన్నాయి, సెట్టింగ్ మారిస్తే చాలు. కథ, వ్యాసం, చరిత్ర లాంటి రాతకు నేనైతే మామూలు పద్ధతి కంటే వీటినే వాడమంటాను. మార్పుల లెక్క ఒకటి రెండు పెరిగినా కంటికి అర్థమవుతుంది.

మరి పేజీలకు పేజీలు ఎందుకు ఎర్రబడ్డాయి? నా అనుమానం మీ పేరాల మీద. ఈ టూల్స్‌కు లైను అంటే మీరు ఎంటర్ కొట్టేదాకా ఉన్నదంతా. ప్రోగ్రాములు రాసేవాళ్లు చిన్న చిన్న లైన్లు రాస్తారు కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. మీ ఫైలులో ఒక పేరా మొత్తం ఒక్క లైను. పదిహేను వాక్యాల పేరాలో మీరు ఒక్క కామా తీసేసినా, ఆ పాత లైనూ కొత్త లైనూ ఒకటి కాదు కాబట్టి పేరా అంతా ఎర్రగా ఒకసారి, ఆకుపచ్చగా ఒకసారి కనిపిస్తుంది. ఫైలును ప్రతి వరుస చివరా తెగ్గొట్టి సాదా టెక్స్ట్‌గా సేవ్ చేస్తే ఇంకా అన్యాయం. పేరా మొదట్లో ఒక్క పదం చేరిస్తే ఆ కింది వరుసలన్నీ వేరే చోట్ల తెగుతాయి. ఒక కంప్యూటర్ విండోస్‌ది, ఇంకోటి లైనక్స్‌దో మ్యాక్‌దో అయితే లైను చివర కంటికి కనబడకుండా పెట్టే గుర్తే వేరు, మొత్తం ఫైలే తేడాగా రావచ్చు.

దీనికి మందు పదాల వారీగా పోల్చడం. లెక్క అదే, లైన్ల బదులు పదాలు పెట్టుకుంటుంది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో రివ్యూ ట్యాబ్‌లో కంపేర్ ఉంటుంది, దాని సెట్టింగుల్లో పదాల వారీగానా అక్షరాల వారీగానా అని అడుగుతుంది. పదాల వారీగా పెట్టండి. అక్షరాల వారీగా ఎందుకు వద్దంటున్నానంటే, తెలుగులో హల్లు వేరు, దాని గుణింతం గుర్తు వేరుగా కంప్యూటర్లో నిల్వ ఉంటాయి. ‘వాళ్లకి’ని ‘వాళ్లకు’ చేశారనుకోండి, క అలాగే ఉంటుంది, గుడి పోయి కొమ్ము వస్తుంది. టూల్ ఆ కొమ్మునొక్కదాన్నే విడిగా తీసి, చుక్కల సున్న మీద వేలాడదీసి చూపిస్తుంది. అట్లాంటివి రెండు వందల పేజీలు చదవలేరు. లిబ్రే ఆఫీస్ వాడేవాళ్లకు ఎడిట్ మెనూలో, ట్రాక్ చేంజెస్ కింద కంపేర్ డాక్యుమెంట్ ఉంది.

ఇక చూడ్డానికి అచ్చం ఒకేలా ఉన్న ఆ రెండు లైన్లు. మీకు ఇది వింతగా అనిపించింది కానీ తెలుగు టైపింగ్‌లో ఇది రోజూ జరిగేదే. కంప్యూటర్ ఆకారాలను చూడదు, వాటి వెనక కోడ్ అంకెలను చూస్తుంది. ఒకే ఆకారం వెనక రెండు రకాల అంకెలు ఉండవచ్చు. మహబూబ్‌నగర్ అని కొట్టేటప్పుడు బ కింద న వత్తు పడకుండా మధ్యలో ఒక కనబడని గుర్తు వేస్తాం కదా. కొన్ని కీబోర్డులు పదం చివర పొల్లు వచ్చినప్పుడు కూడా ఆ గుర్తును వేసేస్తాయి. ‘బస్’ తర్వాత అది ఉన్నా లేకున్నా కంటికి ఒకటే, కంప్యూటర్‌కు రెండు వేర్వేరు పదాలు. ఐత్వం గుర్తును ఒకే కోడ్‌గా రాయవచ్చు, ఎత్వమూ దాని కిందిభాగమూ అని రెండు కోడ్‌లుగానూ రాయవచ్చు, యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ కోడ్ అంకెలు నిర్ణయించే ప్రమాణం) ప్రకారం రెండూ సమానమే. అన్నిటికంటే దొంగది సున్న. పూర్ణానుస్వారం వేరు, తెలుగు అంకెల్లోని సున్న వేరు. ‘గ్రామం’లో చివరిది ఏదైనా చాలా ఫాంట్లలో తేడా పట్టలేం. స్కాన్ చేసి టెక్స్ట్‌గా మార్చిన పేజీల్లో ఇది ఎక్కువగా వస్తుంది. సారు పాత వ్యాసాలేమైనా స్కాన్ చేసి కలిపారేమో అడగండి.

ఐత్వం సమస్య యూనికోడ్‌ను ఒకే రూపానికి తెచ్చే సదుపాయంతో పోతుంది, వాళ్లబ్బాయికి చెబితే రెండు లైన్ల స్క్రిప్ట్‌తో చేసిస్తాడు. కనబడని గుర్తు, సున్న మాత్రం దాంతో పోవు, వాటిని ఫైండ్ అండ్ రీప్లేస్‌తోనే సరిచేయాలి. అప్పుడు కూడా కనబడని గుర్తును ఫైలంతా తీసేయకండి, మహబూబ్‌నగర్ చెడిపోతుంది. దాని తర్వాత ఖాళీ గానీ విరామ చిహ్నం గానీ ఉన్నచోటనే తీయండి. ఇంకో మాట, ఒక ఫైలు సొంత కోడ్‌లు వాడే అను ఫాంట్లలో, ఇంకోటి యూనికోడ్‌లో ఉంటే పోల్చడం దండగ. తెరమీద రెండూ తెలుగే, లోపల ఒక్క అక్షరమూ కలవదు. ముందు రెండింటినీ యూనికోడ్‌లోకి తెచ్చుకోవాలి.

ఇంకొకటి కూడా జరిగి ఉంటుందని నాకు గట్టి అనుమానం. మీరు ‘నల్గొండ’ అని కొట్టి ఉంటారు, సారు ఫైలంతా ‘నల్లగొండ’ అని మార్చి ఉంటారు. రిటైరైన తెలుగు సార్లలో ఈ పట్టింపు ఉన్నవాళ్లు తక్కువ కాదు. నల్గొండ చరిత్ర పుస్తకంలో ఆ మాట ఎన్ని వందల సార్లు వస్తుందో మీకే తెలుసు. ప్రతిచోటా ఒక ఎర్ర మచ్చ. వాటి మధ్య ఎక్కడో నాగార్జున సాగర్ శంకుస్థాపన 1955 డిసెంబర్ 10 అని ఉండాల్సింది 1956 అయి ఉంటే ఎవరి కంటికి ఆనుతుంది? పోల్చే లెక్కకు ల వత్తు పడటమూ ఏడాది మారటమూ ఒకే బరువు. కాబట్టి పోల్చేముందు మీ ఫైలుకు ఒక కాపీ తీసి, ఆ కాపీలో కూడా నల్గొండను నల్లగొండ చేసేయండి. ఇలా ఒక ఫైలులో అంతటా ఒకేలా మారిన మాటలను, జంట ఖాళీలను, ఫుల్‌స్టాప్ ముందు పడిన ఖాళీలను ముందుగా ఒకటి చేస్తే ఎరుపు బాగా తగ్గిపోతుంది. మిగిలేవే చదవాల్సిన తేడాలు. అసలు ఫైళ్లను మాత్రం ముట్టుకోకండి, ఇదంతా కాపీల మీదే.

ఇప్పుడు రెండింటినీ ఒకటి చేయడం. ఇక్కడ ఒక సంగతి మీరూ సారూ ఇద్దరూ ఒప్పుకోవాలి: ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ తెచ్చినా రెండు ఫైళ్లతో ఈ తగాదా తేలదు. ఒక పేరా సారు ఫైలులో ఉంది, మీ ఫైలులో లేదు. మీరు తీసేశారా, ఆయన చేర్చారా? రెండు సందర్భాల్లోనూ ఫైళ్లు అచ్చం ఇలాగే ఉంటాయి. తేల్చాలంటే మూడోది కావాలి, ఇద్దరూ దిద్దడం మొదలుపెట్టకముందు ఉన్న ఫైలు. అది మీ దగ్గర ఉండే ఉంటుంది. మీరు సారుకు పంపిన వాట్సాప్ మెసేజ్ దగ్గరకు వెళ్లండి, ఆ రోజు పంపిన ఫైలు అక్కడే ఉంటుంది. మీ ఫోన్లో తెరుచుకోకపోతే సారు ఫోన్లో చూడండి. దాన్ని మూలం అని పేరు పెట్టి పక్కన భద్రం చేయండి.

తర్వాత మూలాన్ని సారు ఫైలుతో ఒకసారి, మీ ఫైలుతో ఒకసారి పోల్చండి. రెండుసార్లూ మూలం ఎడమవైపే. ఇప్పుడు వచ్చే ఎరుపుకూ ఆకుపచ్చకూ అర్థం ఉంటుంది. మొదటి పోలికలో వచ్చినవి సారు మార్పులు, రెండోదాంట్లో వచ్చినవి మీవి. ఆ గొడవపడ్డ పేరా మూలంలో లేకపోతే సారు చేర్చినదే, మూలంలో ఉండి మీ దాంట్లో లేకపోతే మీ చేతిలో పోయినట్టే. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఇద్దరి పనిని కలిపేటప్పుడు చేసేదీ ఇదే. ఒక్కరే మార్చినచోట ఆ మార్పును తీసుకుంటారు. ఇద్దరూ ఒకేలా మార్చి ఉంటే గొడవే లేదు. ఇద్దరూ ఒకే చోటును రెండు రకాలుగా మార్చి ఉంటే మాత్రం యంత్రం చేతులెత్తేస్తుంది, రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి మీరే తేల్చుకోండి అంటుంది. అలా అనడమే మంచిది. ఎవరి మాట ఉండాలో తనంతట తాను తేల్చే టూల్ దొరికినా నేనైతే చరిత్ర పుస్తకానికి వాడను.

ఫాంట్లు, ఫొటోలు, పేజీ అమరిక ఉన్న ఫైలును ఆటోమేటిక్‌గా కలిపించే ప్రయత్నం చేయకండి. రెండు పోలికల్లో ఎవరి మార్పులు తక్కువగా ఉన్నాయో చూసి, వాటిని ఒక్కొక్కటిగా రెండోవాళ్ల ఫైలులోకి చేత్తో తెచ్చుకోండి. మీవి ఎక్కువగా అచ్చుతప్పులే కాబట్టి బహుశా మీవే సారు ఫైలులోకి వెళ్తాయి. పేర్లు, తేదీలు, సర్వే నంబర్లు ఉన్న మార్పులను మాత్రం ఫోన్లో కాకుండా సారును పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. అయిపోయాక కొత్త ఫైలును మూలంతో మరోసారి పోల్చి, ఎర్రగా వచ్చినవాటిని మాత్రమే చదవండి. చేర్చినవి తప్పైతే చదివేవాళ్లకు ఎప్పుడో కనిపిస్తాయి, పోయినవి ఎవరికీ కనిపించవు.

వాట్సాప్‌లో ఆ పాత ఫైలు తెరుచుకోక, మీ కంప్యూటర్లోనూ దానిమీదే సేవ్ చేసి ఉంటే, మీరు మొదట్లో తీసిచ్చిన ప్రూఫు ప్రింటు సారు దగ్గర ఉంటుంది. మూలం అదే, కాకపోతే కాగితం మీద ఉంది. దాన్ని మొత్తం మళ్లీ టైప్ చేయనక్కరలేదు. ముందు మీ రెండు ఫైళ్లనే పదాల వారీగా పోల్చుకోండి, నల్లగొండలూ ఖాళీలూ పోగా మిగిలిన తేడాలకు మాత్రం ప్రింటులో ఆ పేజీ తీసి, అందులో ఏముందో చూసి పక్కన ‘సారు’ అనో ‘నేను’ అనో రాసుకుంటూ పొండి.